బల్ల కింద పసుపు జాకెట్

కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మకు యాభై లక్స్‌కు మించి వెలుగు పడకూడదు. మించితే ఏళ్లు గడిచేకొద్దీ కాగితం పసుపెక్కుతుంది, పెళుసుబారుతుంది. మరీ తగ్గితే చూసేవాళ్లు కళ్లు చికిలించుకుని తిట్టుకుంటారు. వెలుగును ఆ రెంటి మధ్యా నిలబెట్టడమే నా ఉద్యోగం. ఖతార్‌లోని లుసైల్‌లో ఒక ప్రదర్శనశాలకు లైట్లు బిగించే కంపెనీలో టెక్నీషియన్‌ని. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, సొంతూరు కరీంనగర్ వైపు, ఉండేది ఐన్ ఖాలిద్‌లో నలుగురం పంచుకున్న గదిలో.

పోయిన వేసవిలో మా హాలుకు ఒక యుద్ధ చిత్రకారిణి బొమ్మలు వచ్చాయి. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె దేశంలో సైన్యం యుద్ధానికి వెళ్తే ప్రభుత్వం ఒక చిత్రకారుణ్ణి నియమించి వెంట పంపుతుందట. తుపాకీ ఇవ్వరు. పాసు, హెల్మెట్, సైనికులు తినే తిండి ఇస్తారు. కళ్లతో చూసింది గీయాలి. గీసిందంతా ప్రభుత్వానిదే. ఆమె అలా రెండు యుద్ధాలకు వెళ్లింది. అవి ముగిశాక అవే ఊళ్లకు తిరిగి వెళ్లి, కూలిన ఇళ్లనూ నీళ్ల ట్యాంకర్ దగ్గర వరుసలనూ గీసింది. ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. తన బొమ్మలు ఎలా వేలాడతాయో తనే చూసుకోవాలని దోహా వచ్చింది.

పెట్టెలు విప్పేటప్పుడు ట్యాంకులు, మంటలు, పొగ వస్తాయని నేను సిద్ధంగా ఉన్నాను. వచ్చినవి ఇవి: తడిసిన బూట్లు ఆరబెట్టుకుంటున్న ఇద్దరు. ఉల్లిపాయలు తరుగుతున్న వంటవాడు. ఇంటికి ఫోన్ చేయడానికి వరుసలో నిలబడ్డవాళ్లు. ఖాళీగా ఉన్న స్ట్రెచర్ చూసుకుని దాని మీదే నిద్రపోయిన నర్సు.

“ఇందులో యుద్ధం ఎక్కడుంది మేడమ్?” అని అడిగాను.

“పేలుళ్లకు కెమెరాలున్నాయి. నాకు పొగ గీయడం రాదు కూడా” అంది ఆమె.

ఆమె పని తీరు నాకు నచ్చింది. పద్ధతి ఉన్న పని. అక్కడికక్కడ పెన్సిల్‌తో గీస్తుంది. రంగులు వేసే తీరిక ఉండదు కాబట్టి రంగుల పేర్లు కాగితం అంచున చిన్న అక్షరాలతో రాసుకుంటుంది: ఆకాశం బూడిద రంగు, దుప్పటి తుప్పు రంగు అని. ఇంకో పద్ధతి ఉద్యోగం మానేశాక సొంతంగా పెట్టుకున్నది. గీసిన బొమ్మను అందులోని మనుషులకు చూపిస్తుంది. ఒప్పుకున్నవాళ్లు తమ బొమ్మ పక్కన ఏదో ఒక గుర్తు పెట్టాలి, సంతకమైనా వేలిముద్రైనా సరే. ఒక్కరు కాదన్నా ఆ కాగితాన్ని లోపల పెట్టేస్తుంది. మరెవరికీ చూపించదు.

హాల్లో నాకు ఇంకో బాధ్యత కూడా ఉండేది. ఆ అంతస్తుకు నేనే సేఫ్టీ వార్డెన్‌ని. మెరిసే చారలున్న పసుపు జాకెట్ ఇచ్చారు. కొత్తగా ఎవరు పనిలో చేరినా ఆ జాకెట్ వేసుకుని, తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిపి పాఠం చెప్పేవాణ్ణి. ప్రమాదంలో పరుగెత్తకూడదు. అరవకూడదు. లిఫ్ట్ ఎక్కకూడదు. వస్తువుల కోసం వెనక్కి రాకూడదు. వార్డెన్ చెప్పేదాకా ఉన్నచోటే ఉండి, చెప్పాక వరుసగా కదలాలి. నిజం చెప్పాలంటే ఆ జాకెట్ నాకు చాలా ఇష్టం. లైట్ల పని లేని రోజు కూడా తొడుక్కునేవాణ్ణి.

ఆ పాఠం ప్రతిసారీ ట్రే పట్టుకుని నిలబడి వినే మనిషి ఒకాయన ఉండేవాడు. రాయచోటి దగ్గరి పల్లె. ఇరవై ఏళ్లకు పైగా గల్ఫ్‌లోనే. చాలాకాలం తనకు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఇంట్లో డ్రైవర్. చూపు మందగించి లైసెన్సు పోయాక మా హాల్లో టీ ఇచ్చే పనిలో చేరాడు. యాభై దాటిన ఆయన్ని అందరూ టీ బాయ్ అంటారు. నేను అన్నా అంటాను. ఆయన నన్ను ‘ఇంజనీరు సామీ’ అంటాడు. ఆ పిలుపులో సగం మర్యాద, సగం వెక్కిరింత.

ఇక్కడి సైనిక స్థావరం మీదికి క్షిపణులు వచ్చిన సాయంత్రం అందరికీ గుర్తే. విమానాలు ఆపేశారని ముందే ఫోన్లలో తెలిసింది. మేనేజరు పనివాళ్లను బస్సులో వాళ్లుండే క్యాంప్‌కు పంపేశాడు. హాల్లో మిగిలింది ముగ్గురం. విప్పిన బొమ్మలన్నిటి మీదా గుడ్డ కప్పందే కదలనని చిత్రకారిణి. లైట్లు ఆపాలని నేను. తనుండే అల్ వుకైర్ వెళ్లే బండి ఇంకా రాలేదని అన్న.

మొదటి చప్పుడుకు అద్దాలు గలగలలాడాయి. రెండోది ఛాతీలో తగిలింది. పరుగెత్తాలా, నిలబడాలా అని నేను ఆలోచించినట్టు గుర్తు లేదు. తెలివి వచ్చేసరికి ప్యాకింగ్ బల్ల కింద ఉన్నాను. బొమ్మలకు చుట్టే ఫోమ్ షీట్ ఒకటి నెత్తిన కప్పుకుని, మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని ‘అమ్మా, అమ్మా’ అంటున్నాను. ఒంటి మీద పసుపు జాకెట్ ఉంది.

ఎంతసేపో తెలియదు. బల్ల అంచు దగ్గర రెండు చెప్పులు కనిపించాయి. ఆ తరువాత వంగిన నడుము, ముఖం, గ్లాసు పట్టుకున్న చెయ్యి.

“తాగు సామీ, వేడిగా ఉండాది. వణుకు తగ్గుతాది.”

అంతలో మళ్లీ చప్పుడయ్యింది. నేను ఆ చేతిని కొట్టాను. ‘పో’ అని అరిచాను. అప్పుడే మరిగిన కరక్ చాయ్ ఆయన మణికట్టు మీద ఒలికి నేల మీద పారింది. ‘అబ్బా’ అని ఒక్క మాట అని, ఆయన వాటర్ కూలర్ దగ్గరికి వెళ్లి చెయ్యి నీళ్ల కింద పెట్టుకున్నాడు.

అంతా సద్దుమణిగాక బయటికి వచ్చాను. చిత్రకారిణి ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది, ఒడిలో స్కెచ్‌బుక్. జుట్టులోంచి ఫోమ్ తునకలు దులుపుకుంటూ, ఏదో ఒకటి అనాలి కాబట్టి, “ఎవరూ కదలొద్దు” అన్నాను.

“కదల్లేదు లే సామీ” అన్నాడు అన్న, చెయ్యి విదిలించుకుంటూ. “వార్డెను ఏమన్నా చెప్తాడేమోనని చూస్తా ఉండాం.”

కాసేపటికి ఊరి నుంచి అక్క ఫోన్.

“తమ్మీ, దుబాయ్‌ల బాంబులు ఏస్తున్నరంట గదరా!”

“అక్కా, ఇది దుబాయ్ కాదు, ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పాలె.”

“ఏదైతేంది, నువ్వు మంచిగున్నవా?”

“నాకేమైతది? నేనే అందర్ని బైటికి తీస్కపోయిన. జాకెట్ నాకే ఇచ్చిన్రు గదా.”

“అగో! మా తమ్ముడు మిల్ట్రీల ఉండాల్సినోడు” అంది అక్క. తెల్లారేసరికి వాళ్ల వీధి వీధంతటికీ ఆ కథ తెలిసింది. బావ నాకు సెల్యూట్ కొడుతున్న బొమ్మ పంపాడు.

రెండు రోజులకు హాలు మళ్లీ తెరిచారు. చిత్రకారిణి మా ఇద్దర్నీ పిలిచి కాగితం చూపించింది. చిన్న బొమ్మ. ఎడమవైపు పెట్టెలు. మధ్యలో బల్ల. బల్ల కింద ముడుచుకున్న మనిషి. మొహం సగమే కనిపిస్తుంది కానీ నన్ను ఎరిగినవాడెవడైనా పోల్చుకుంటాడు. జాకెట్ మీది చారలను ఒక్కొక్కటిగా, ఎక్కడ మడత పడితే అక్కడ విరిగినట్టు, శ్రద్ధగా వేసింది. కుడివైపు అన్న, ఒక చేతిలో ట్రే, రెండో చేత్తో గ్లాసు అందిస్తూ వంగి ఉన్నాడు. అంచున రంగుల మాటలు: జాకెట్ నిమ్మపండు పసుపు. టీ ఇటుక రంగు. దాని కిందనే, ‘నేల మీద కూడా’.

ఆ మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. బొమ్మలో గ్లాసు ఒలకలేదు. నా చెయ్యి నా మోకాలి మీదే ఉంది. కానీ ఆమె చూసింది.

అన్న వెంటనే పెన్సిల్ అడిగి తీసుకుని తన బొమ్మ పక్కన తెలుగులో పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా. నేను పని ఉందని నిచ్చెన ఎక్కాను. “లైట్ల పని పూర్తయ్యేలోపు చెప్పు” అంది ఆమె. అది ప్రదర్శనలో చివరి బొమ్మ కావాలని ఆమె కోరిక. దానికి గోడ మీద చోటు వదిలిపెట్టింది.

ఆ వారం అన్న టీ తెచ్చిన ప్రతిసారీ అదే మాట.

“ఏం సామీ, ఇంకా పెట్టలేదా? ఇదేమన్నా కలెక్టరు సంతకమా, ఫైలు కదిలేదానికి నెల పట్టను?”

“పెడ్తనన్నా. చూస్తున్న.”

“ఏం చూస్తాండావు? బొమ్మలో నువ్వు బానే ఉండావు. నాకే ఆయమ్మ ముక్కు పొడుగు పెట్టింది.”

“నీకేందన్నా. నువ్వు ధైర్యంగ నిలబడ్డవు.”

“ధైర్యమా పాడా! చేతిలో ట్రే ఉండాది. గ్లాసులు పగిలితే స్టోరు వానికి నువ్వు చెప్తావా జవాబు?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ట్రే బల్ల మీద పెట్టి మెల్లగా చెప్పాడు. “వచ్చే నెల నాకు ఎగ్జిట్, సామీ. ఊరికి పోయినానంటే ఇంక రాను. ఇన్నేండ్లు ఇంటికి పంపిన ఫొటోలన్నీ కఫీల్ కారు పక్కన నిలబడుకోని తీసుకున్నేవే. నువ్వు ఆడ పని చేస్తాండావా, కార్లు చూస్తా తిరుగుతాండావా అని మా ఇంటామె అడుగుతాది. నేను పనిలో ఉండేది ఇదొక్కటే. గోడ మీద ఉంటే ఫోన్లో చూపిస్తా. అంతే.”

ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన చొక్కా చెయ్యి కిందికి లాగుకున్నాడు. మణికట్టు మీద ఎర్రటి మచ్చ అప్పటికే నల్లబడుతోంది. దాని గురించి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాకు రోజుకు మూడు అవకాశాలు వచ్చేవి, టీ వేళలకు. మూడుసార్లూ చక్కెర తక్కువైందనో ఎక్కువైందనో చెప్పి పంపేవాణ్ణి.

నా తల ఆ వారమంతా వేరే లెక్కలు వేసింది. బొమ్మ గోడకెక్కితే చూసేవాళ్లు: మా మేనేజరు, నేను పాఠం చెప్పిన పనివాళ్లంతా, గదిలోని ముగ్గురు, వాళ్లు తీసే ఫొటోలు, ఆ ఫొటోలు చేరే ఊరి గ్రూపులు, అక్క, అక్క వీధి. ఎక్కకపోతే బాధపడేవాళ్లు: ఒక్కరు. ఈ లెక్క వేసుకున్నందుకు కూడా సిగ్గుపడుతున్నాను. అయినా వేసుకున్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం చిత్రకారిణి దగ్గరికి వెళ్లి, నేను తెలివైనదనుకున్న ఉపాయం చెప్పాను. “నన్ను చెరిపేయడం కుదురుతుందా మేడమ్? ఆయన్ని మాత్రం ఉంచండి. బల్ల కింద ఖాళీగా ఉన్నా బాగానే ఉంటుంది.”

ఆమె ఎదురుగోడ మీదున్న ఒక బొమ్మ చూపించి, “దాని మీద పక్క నుంచి వెలుగు వెయ్యి” అంది.

అది మాకు అలవాటైన పనే. కాగితం ఎక్కడన్నా ఉబ్బిందేమో చూడటానికి దీపాన్ని గోడకు ఆనించినట్టు పెట్టి పక్కవాటుగా వెలుగు వేస్తాం. ఎదురు వెలుగులో కనిపించని గీతలు, మడతలు అప్పుడు నీడలతో లేచి కనిపిస్తాయి. ఆ బొమ్మలో నలుగురు సైనికులు ఒక డేరాలో భోజనం బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఐదో కుర్చీ ఖాళీ. వెలుగు పక్కకు తిప్పాను. ఖాళీ కుర్చీలో కాగితం గరుకుగా, అరిగిపోయి ఉంది. ఆ అరుగుదల్లో వంగిన వీపు, ముఖానికి అడ్డం పెట్టుకున్న రెండు చేతులు పెన్సిల్ నొక్కిన గాట్లుగా కనిపించాయి.

“ఏడుస్తున్నాడు” అంది ఆమె. “ఇంట్లోవాళ్లు చూస్తే పరువు పోతుందని చెరిపేయమన్నాడు. చెరిపేశాను.”

“తరువాత ఏమయ్యాడు?”

“తెలియదు. వాళ్లను వేరే చోటికి పంపారు.” దీపం ఆపమని చెయ్యి ఊపింది. ఆపాను. మళ్లీ మామూలు బొమ్మ అయింది. “ఇప్పుడు మిగతా నలుగుర్నీ చూడు.”

చూశాను. నలుగురూ ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నారు. ఒకడి చెయ్యి గాలిలో ఉంది, ఎవరి భుజం మీదో వేసినట్టు. కానీ అక్కడ భుజం లేదు.

“అతని మాట విని ఈ నలుగుర్నీ పిచ్చివాళ్లను చేశాను” అంది. “అందుకే ఇప్పుడు చెరపను. ఒప్పుకోకపోతే కాగితం లోపల పెట్టేస్తాను. నువ్వు ఒప్పుకోవాలని నేను అడగను.”

టీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన అన్న మా మాటలు కొంత విన్నట్టున్నాడు. ఇంగ్లీషు ఆయనకు డ్రైవర్ పనికి సరిపడేంత వచ్చు.

“ఏం సామీ, నిన్ను చెరిపేయమంటాండావా?”

నేను దీపం తీగ చుట్టసాగాను.

“నిన్ను తీసేస్తే నేను టీ ఎవురికి ఇస్తాండేటట్టు? బల్లకా?” అన్నాడు. ఈసారి నిజంగానే నవ్వాడు. “మా ఇంటామె చూసి, ముసిలోనికి మతి పోయింది, కుర్చీలకూ బల్లలకూ టీలు పోస్తాండాడు, బిరీన ఇంటికి పిలిపించండి అంటాది.”

పెన్సిల్ తీసుకుని జాకెట్ పక్కన సంతకం పెట్టాను. నాలో మంచితనం మేల్కొందని ఎవరూ అనుకోవద్దు. ఆ నవ్వు ముందు ఇంకో నిమిషం నిలబడలేక పెట్టాను.

అంతటితో ఆగానా అంటే అదీ లేదు. ఆ బొమ్మకు లైటు పెట్టింది నేనే. యాభై వరకు పెట్టవచ్చు. ముప్పై పెట్టాను. కాగితానికి మంచిదని మేనేజరుకు చెప్పాను. అది అబద్ధం కూడా కాదు. ఆ మూల మసకగా, వెళ్లేవాళ్లు ఆగకుండా దాటిపోయేలా తయారైంది. నా చదువు నాకు అలా ఉపయోగపడింది.

తెరిచే ముందు రోజు అన్న చూడటానికి వచ్చాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. దగ్గరికి జరిగాడు. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరికి.

“చీకటిగా ఉండాది సామీ. నేను యాడ ఉండా?”

నా వేలితో చూపించాను. ఆయన ఆ వేలి కొస చూశాడు, అద్దం చూశాడు, మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నాడు. చూపు వల్లే అనుకున్నాడు. “ముసిలి కండ్లు” అని నన్నే ఓదార్చబోయాడు. నేను నిచ్చెన తెచ్చుకుని పైకెక్కి వెలుగు పెంచాను. యాభై. దిగి మీటరు పట్టి సరిచూశాను. కింద నుంచి “ఆ… ఇదిగో, ఈడుండా!” అన్న మాట వినిపించింది. ఆ వెలుగులో జాకెట్ చారలన్నీ లెక్కపెట్టేటట్టు కనిపిస్తున్నాయి.

తెరిచిన రోజు సాయంత్రం జనం పలచబడ్డాక అన్న ఇంటికి వీడియో కాల్ చేశాడు. ఫోన్‌ను బొమ్మకు ఎదురుగా పట్టుకోమని నాకిచ్చి, తను బొమ్మ పక్కన నిలబడ్డాడు, ఉతికిన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. తెర మీద ఒక పెద్దామె, కొంగు నెత్తిన వేసుకుని, ఫోన్‌కు మరీ దగ్గరగా ముఖం పెట్టి చూస్తోంది.

“అది నువ్వేనా? ముక్కేంది అంత పొడుగుండాది?”

“గీసినోళ్లను అడుగు పో.”

“వంగినావు, నడుం పట్టుకోలేదా?” ఆమె కొంచెంసేపు చూసింది. “ఆ బల్ల కింద ఎవురు?”

అన్న నా వైపు చూడలేదు. “ఎవురో పిల్లోడు లే. ఈడ పని చేస్తాడు.”

నేను ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన అలా నన్ను దాచిపెట్టడం ఆ వారంలో జరిగిన అన్నిటికంటే ఎక్కువగా తగిలింది. కెమెరా నా వైపు తిప్పాను.

“నేనే అక్కా, ఆ పిల్లగాణ్ణి.”

ఆమె ముఖం మెత్తబడింది. “నువ్వా నాయనా? శానా బయపడినావే పాపం. టీ తాగినావా?”

అన్న బొమ్మ వైపు తిరిగి అద్దం మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. తాగానంటే అయిపోయేది. బొమ్మ కూడా కాదనదు. అందులో గ్లాసు ఇంకా నిండుగానే ఉంది.

“లేదక్కా. అన్న ఇస్తే చెయ్యి కొట్టిన. చాయ్ అంత అన్న చెయ్యి మీద పడ్డది. కాలింది.”

ఆమె పకపకా నవ్వింది.

“ఆయప్ప కాసిన టీ గదా! ఎవురన్నా అంతే చేస్తారు లే నాయనా. నేను పెండ్లైన కాన్నుంచీ పారబోస్తానే ఉండా.”

అన్న కూడా నవ్వాడు. “ఇన్నావా సామీ, ఇదీ నా బతుకు” అన్నాడు. ఇద్దరూ కలిసి ఆ మాటను అంత తేలిగ్గా అవతల పారేశారు. నేనూ నవ్వాలని చూశాను, నోరు తెరుచుకుంది కానీ నవ్వు రాలేదు. “చెయ్యి చూపించు” అని ఆమె అడుగుతోంది. ఆయన చొక్కా గుండీ విప్పలేదు. “యాడ కాలింది, ఏమీ లేదు” అంటున్నాడు. ఫోన్ నా చేతిలో ఉంది. కెమెరా ఆయన మణికట్టు వైపు తిప్పాలో, బొమ్మ వైపు తిప్పాలో తెలియక రెంటికీ మధ్య, ఖాళీ గోడకు ఎదురుగా పట్టుకుని నిలబడ్డాను.

“ఏమీ కనపడల్యా నాయనా” అంది ఆమె. “సరిగ్గా పట్టుకో.”